కరెంటు పెట్టాక మెడలో మిగిలిన గడ్డ: ఎప్పటిదాకా ఆగాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నకు 59 ఏళ్లు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆయనకు ముప్పై ఏళ్ల బీడీ అలవాటు. గొంతు నొప్పి, మెడలో గడ్డ అని చూపిస్తే నాలుక మొదట్లో క్యాన్సర్ అన్నారు. హైదరాబాద్‌లో 35 సిట్టింగుల కరెంటు (రేడియేషన్) పెట్టారు, దాంతోపాటు వారానికోసారి కీమో ఇచ్చారు. అయిపోయి ఎనిమిది వారాలైంది. కెమెరాతో చూసి గొంతులో పుండు మానిందన్నారు. మెడ ఎడమ పక్క గడ్డ మాత్రం పూర్తిగా పోలేదు. ఇక్కడ స్కానింగ్ తీయిస్తే 1.6 సెంటీమీటర్లు ఉందని వచ్చింది. ఇక్కడి డాక్టర్ గారు వెంటనే ఆపరేషన్ చేయించమంటున్నారు. కరెంటు పెట్టిన డాక్టర్ గారు ఇంకో నెల ఆగి పెట్ స్కాన్ తీద్దామంటున్నారు. కత్తి పడితే జబ్బు ఒళ్లంతా పాకుతుందని, పసరు మందు వాడదామని మా బాబాయి పట్టుబడుతున్నాడు. మూడున్నర నెలల్లో చెల్లి పెళ్లి ఉంది. ఆపరేషన్ తప్పదంటే పెళ్లయ్యాక చేయిద్దామని అమ్మ అంటోంది. నాన్నకు ఇవేవీ సరిగా చెప్పలేదు. ఆపరేషన్ చేస్తే చెయ్యి పడిపోతుందని కూడా ఎవరో భయపెట్టారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక కూతురు, జగిత్యాల జిల్లా

జవాబు: అమ్మా, మీ ఇంట్లో నాలుగు వైపుల నుంచి నాలుగు మాటలు వినిపిస్తున్నాయి. వాటిలో ఇప్పటికి సరైనది కరెంటు పెట్టిన డాక్టర్ గారి మాట. ఇంకో నెల ఆగండి. అయితే అలా ఆగడానికి ఒక గడువు ఉంది. ఆ గడువు నాటికి గడ్డలో జబ్బు బతికే ఉందని తేలితే మాత్రం పెళ్లి పేరు చెప్పి వాయిదా వేయకూడదు. ఇప్పుడు తొందరపడటం ఎంత తప్పో, అప్పుడు ఆలస్యం చేయడం అంతకంటే పెద్ద తప్పు.

గడ్డ ఇంకా ఎందుకు ఉందో ముందు చెబుతాను. కరెంటు తగలగానే క్యాన్సర్ కణాలు చచ్చిపోవు. వాటి లోపలి డీఎన్ఏ దెబ్బతింటుంది. ఆ తర్వాత అవి రెండుగా చీలబోయినప్పుడు చీలలేక చస్తాయి. ఇది వారాల తరబడి జరిగే పని. చచ్చిన కణాలను ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి ఇంకొంత కాలం పడుతుంది. చివరికి అక్కడ గట్టి మచ్చలాంటి కండ మిగిలిపోవచ్చు. చేతికి అది గడ్డలాగే తగులుతుంది, అల్ట్రాసౌండ్‌లో గడ్డలాగే కనిపిస్తుంది. లోపల బతికున్న క్యాన్సర్ ఒక్క కణం కూడా ఉండకపోవచ్చు. మొదట్లో పెద్దగా ఉన్న లింఫ్ గ్రంథులు (జబ్బు చేరి మెడలో గడ్డల్లా ఉబ్బేవి ఇవే), నడిమి భాగం కుళ్లి నీరు చేరిన గ్రంథులు మరీ నెమ్మదిగా తగ్గుతాయి. ఇక్కడి స్కానింగ్ మీకు గడ్డ సైజు చెప్పింది. ఎనిమిది వారాలప్పుడు అంతకు మించి అది చెప్పలేదు.

ఇది చదువుతున్న మిగతావాళ్ల కోసం ఒక మాట. కరెంటు పెట్టాక దవడ కింద గట్టిగా తగిలేదంతా జబ్బు చేరిన లింఫ్ గ్రంథి కాదు. అక్కడి లాలాజల గ్రంథి కరెంటుకు గట్టిపడి అచ్చం క్యాన్సర్ గడ్డలాగే చేతికి తగులుతుంది. గడ్డం కింద పొద్దున్నే ఎక్కువగా కనిపించి సాయంత్రానికి తగ్గే మెత్తటి వాపు మామూలుగా నీరు చేరడం వల్ల వస్తుంది. వాటిని రోజుకు పదిసార్లు నొక్కి చూసుకుంటే భయం తప్ప ఏమీ తేలదు.

ఇక ఆ నెల సంగతి. పెట్ స్కాన్‌లో రేడియోధార్మిక ఫ్లోరిన్ కలిపిన గ్లూకోజ్‌ను నరంలోకి ఎక్కిస్తారు. క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా లాక్కుంటాయి కాబట్టి స్కాన్‌లో వెలుగుతాయి. చిక్కేమిటంటే, కరెంటు వల్ల వాచిన కండలోకి శుభ్రం చేయడానికి వచ్చే రక్తకణాలు కూడా చక్కెరను అలాగే లాక్కుంటాయి. ఆరు, ఎనిమిది వారాలకే తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక్కోసారి ఉన్న జబ్బు మందకొడిగా ఉండి కనిపించకుండానే పోతుంది. అందుకే చికిత్స పూర్తయిన 12 వారాలకు తీస్తారు. మీ నాన్నగారికి ఇంకా నాలుగు వారాలుంది.

ఒకప్పుడు ఇంత ఆలోచన ఉండేది కాదు. మెడలో పెద్ద గడ్డలతో వచ్చినవాళ్లకు కరెంటు అయిపోగానే, గడ్డ తగ్గినా తగ్గకపోయినా, మెడ ఆపరేషన్ కూడా చేసేసేవారు. అలా తీసిన గ్రంథులను మైక్రోస్కోపు కింద పెడితే చాలామందిలో బతికున్న క్యాన్సర్ దొరికేది కాదు. మరి అందరికీ కోయడం అవసరమా? దీన్ని తేల్చడానికి బ్రిటన్‌లో 37 ఆసుపత్రులు కలిసి 'పెట్-నెక్' అనే పరిశోధన చేశాయి. 2007 నుంచి 2012 దాకా 564 మందిని చేర్చుకున్నారు. సగం మందికి పాత పద్ధతిలో ఆపరేషన్ అనుకున్నారు. మిగతా సగం మందికి 12 వారాలకు పెట్ తీసి, అనుమానం ఉంటేనే ఆపరేషన్ చేశారు. ఫలితాలు 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. పెట్ తీసినవాళ్లలో ఆపరేషన్లు 54, రెండో వైపు 221. రెండేళ్ల తర్వాత బతికున్నవారు పెట్ వైపు 84.9 శాతం, ఆపరేషన్ వైపు 81.5 శాతం. అంటే ఆగి చూడటం వల్ల ప్రాణాలకు ముప్పు పెరగలేదు, వందన్నర మందికి పైగా కోత తప్పింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. ఆ పరిశోధనలో నాలుగింట మూడు వంతుల మందికి హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వచ్చే రకం క్యాన్సర్ ఉంది. ఆ రకం కరెంటుకు బాగా లొంగుతుంది. మన దగ్గర బీడీ, చుట్ట, గుట్కాలతో వచ్చేది ఎక్కువగా రెండో రకం, కాస్త మొండిది. మీ నాన్నగారి మొదటి ముక్క పరీక్ష రిపోర్టులో పీ16 అనే పరీక్ష (హెచ్‌పీవీ రకమో కాదో చెప్పేది) చేశారేమో చూడండి. అది నెగెటివ్ అయినా, అసలు చేయకపోయినా 12 వారాల లెక్క మారదు. ఆ తర్వాత అనుమానం మిగిలితే మాత్రం నేనైతే ఆయన విషయంలో ఎక్కువ రోజులు చూస్తూ కూర్చోను.

పెట్ రిపోర్టు వచ్చాక ఏం జరుగుతుందో చెబుతాను. గొంతు, మెడ రెండూ వెలగలేదంటే దాదాపు నిశ్చింతగా ఉండొచ్చు. పెట్ 'లేదు' అని చెప్పినప్పుడు ఆ మాట చాలా ఎక్కువసార్లు నిజమవుతుంది. చిన్న గడ్డ చేతికి తగులుతున్నా కోయనక్కర్లేదు. మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఇంకాస్త ఎడంగా చూపించుకుంటూ ఉంటే చాలు.

పెట్ 'ఉంది' అన్నప్పుడు మాత్రం ఆ మాటను అంత గట్టిగా నమ్మలేం. వెలిగిన గ్రంథుల్లో చాలావాటిలో చివరికి క్యాన్సర్ ఉండదు. మన దేశంలో టీబీ గ్రంథి కూడా వెలుగుతుంది, పంటి చీము ఉన్నా పక్క గ్రంథి వెలుగుతుంది. అయినా బాగా వెలిగిన గడ్డను వదిలేయరు. బతికున్న క్యాన్సర్‌ను మెడలో వదిలేయడం కంటే, చివరికి ఏమీ లేదని తేలే ఆపరేషన్ ఒకటి చేయడమే తక్కువ నష్టం. నాన్నగారికి ఇది ముందే తెలిసి ఉంటే, తర్వాత రిపోర్టులో క్యాన్సర్ లేదని వస్తే 'అనవసరంగా కోశారు' అని బాధపడరు.

ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ రెండింటి మధ్యలో ఉండే రిపోర్టు. కొద్దిగా వెలిగింది, అటూ ఇటూ కాదు. పెట్-నెక్ పరిశోధనలో అలాంటివాళ్లకు కూడా ఆపరేషన్ చేశారు. హెచ్‌పీవీ రకమైతే ఇప్పుడు చాలామంది డాక్టర్లు ఇంకో నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి మళ్లీ స్కాన్ తీస్తున్నారు. ఆ వ్యవధిలో చాలావరకు దానంతటదే చల్లారుతుంది. మీ నాన్నగారి లాంటి పొగాకు కేసులో అలా ఒక్కసారి ఆగడానికి ఒప్పుకుంటాను, రెండోసారి వద్దంటాను.

సూది పరీక్ష చేస్తే సరిపోదా అని మీరు అడగొచ్చు. చేయొచ్చు, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేస్తే మంచిది. సూదిలో క్యాన్సర్ కణాలు దొరికితే సందేహం తీరిపోతుంది. దొరకకపోతే తీరదు. కరెంటు తిన్న గడ్డ గట్టి నారలా ఉంటుంది, సూదికి సరిగా ఏమీ రాదు, బతికున్న కణాలు ఇంకో మూల ఉండిపోవచ్చు. కాబట్టి పెట్‌లో బాగా వెలిగి, సూది పరీక్ష బాగుందని వస్తే పెట్ మాటే వినాలి.

పెట్ తీయించే స్తోమత లేకపోతే? చికిత్స అయ్యాక 8 నుంచి 12 వారాల మధ్య మందు ఎక్కించి తీసే సీటీ, దానికి తోడు అల్ట్రాసౌండ్, సూది పరీక్షలతో నిర్ణయం తీసుకునే చోట్లు చాలా ఉన్నాయి. సీటీలో గ్రంథి ఒకటిన్నర సెంటీమీటర్లు దాటి ఉన్నా, నడుమ డొల్లగా కనిపించినా అనుమానించాలి. మీ నాన్నగారి గడ్డ ఆ గీత మీదే ఉంది. అందుకే వీలుంటే పెట్ తీయించమనే నా సలహా.

ఒక్క పని మాత్రం చేయకండి. 'చిన్న గడ్డే కదా, ఇక్కడే తీసేద్దాం' అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గడ్డ ఒక్కదాన్ని కోసి తీయడం క్యాన్సర్ ఆపరేషన్ కాదు. గడ్డ చిట్లి జబ్బు చుట్టూ చిమ్మితే తర్వాత చేయాల్సిన అసలు ఆపరేషన్ చెడిపోతుంది. కత్తి పడితే పాకుతుందని మీ బాబాయి గారు అంటున్నది పూర్తిగా తప్పే అయినా, ఆ భయం ఇలాంటి అరకొర కోతలు చూసే పుట్టి ఉంటుందని నా అనుమానం. జబ్బు చివరి దశకు వచ్చాక, ఎలాగూ ముదిరాక ఆపరేషన్ చేయించుకుని పోయినవాళ్లను చూసి కూడా జనం అలా అనుకుంటారు. సరిగా చేసిన మెడ ఆపరేషన్ జబ్బును పాకించదు. సన్నటి సూదితో పాకడం చాలా చాలా అరుదు. బాబాయి గారితో వాదన పెట్టుకోకండి, అపాయింట్‌మెంట్‌కు వెంట తీసుకెళ్లి ఆ ప్రశ్న ఆయన చేతే సర్జన్‌ను అడిగించండి. పసరు మాత్రం కరెంటు తిన్న చర్మం మీద రాయనివ్వకండి. ఆ చర్మం ఒకసారి పుండుపడితే మానడం కష్టం, ఆపరేషన్ కావాల్సి వస్తే కోత వేసే చోటు అదే.

ఇప్పుడు ఆపరేషన్ గురించి. మెడలోని గ్రంథులను డాక్టర్లు అంకెలు వేసి లెవెల్స్‌గా విభజిస్తారు. నాలుక మొదట్లో వచ్చిన జబ్బు ఎక్కువగా రెండు, మూడు, నాలుగు లెవెల్స్‌కు పోతుంది. జబ్బు మిగిలిన పక్కన ఆ గ్రంథులను, వాటి చుట్టూ ఉన్న కొవ్వుతో సహా ఒక ముద్దగా తీస్తారు. 1906లో అమెరికాలో జార్జ్ క్రైల్ అనే సర్జన్ వివరించిన పాత ఆపరేషన్‌లో గ్రంథులతో పాటు మెడ పక్కనున్న పెద్ద కండరం, పెద్ద సిర, భుజాన్ని ఎత్తే నరం, మూడూ పోయేవి. చెయ్యి పడిపోతుందన్న మాట ఆ రోజుల నుంచి మిగిలింది. ఇప్పుడు జబ్బు వాటిని పట్టుకుని ఉంటే తప్ప ఆ మూడింటినీ కాపాడతారు.

కాపాడినా ఆ నరం కదిలింపుకు అలిగినట్టు కొన్ని నెలలు బలహీనంగా ఉండొచ్చు. భుజం కాస్త కిందికి జారి, నొప్పి పుట్టి, చెయ్యి భుజం కంటే పైకి ఎత్తడం కష్టమవుతుంది. అరచేతి పట్టు పోదు, అన్నం కలుపుకోవడానికి, రాయడానికి ఇబ్బంది ఉండదు. ఆపరేషన్ చోట నీరు పోవడానికి పెట్టిన గొట్టాలు తీయగానే ఫిజియోథెరపీ మొదలుపెట్టి రోజూ చేస్తే చాలామందికి బాగా తిరిగి వస్తుంది. మన దగ్గర జనం నొప్పి అని చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. రెండు నెలల తర్వాత భుజం బిగుసుకుపోయిందని వస్తారు. చాలాసార్లు దానికి కారణం ఆపరేషన్ కాదు, చేయని వ్యాయామం. చెవి తమ్మె, మెడ చర్మం మొద్దుబారడం మామూలే. కింది పెదవి ఒక పక్క కొంతకాలం వంకరగా కనిపించవచ్చు. ఎడమ పక్క ఆపరేషన్‌లో మెడ అడుగున తెల్లటి ద్రవం మోసే నాళం ఒకటి ఉంటుంది. అది కారితే కొన్నాళ్లు కొవ్వు లేని తిండి పెట్టి చూస్తారు. కరెంటు తిన్న మెడ కాబట్టి గాయం మామూలు కంటే నిదానంగా మానుతుంది. అరుదే అయినా పెద్ద ధమని మీద చర్మం విడిపోవడం లాంటి ప్రమాదాలు కూడా ఉన్నాయి. అందుకే ఇలాంటి మెడలు తరచూ చేసే తల, మెడ క్యాన్సర్ సర్జన్ దగ్గరే చేయించాలి.

ఇక అమ్మగారి ప్రశ్న. పెళ్లికి మూడున్నర నెలలుంది, పెట్‌కు నెల. రిపోర్టులో జబ్బు ఉందని వస్తే రెండు మూడు వారాల్లో ఆపరేషన్ చేయించినా, పెళ్లికి ఇంకా దాదాపు రెండు నెలలు మిగులుతాయి. అంతా సవ్యంగా జరిగితే అప్పటికి ఆయన లేచి తిరుగుతూ ఉంటారు. అదే పెళ్లయ్యాక అనుకుంటే ఆ రెండు నెలల్లో రెండు నష్టాలు జరుగుతాయి. బతికున్న జబ్బు పెరిగి పెద్ద ధమనిని చుట్టుకోవచ్చు, అప్పుడు కోయడానికే వీలు కాకపోవచ్చు. కరెంటు వల్ల మెడ లోపలి కండ కూడా నెలలు గడిచేకొద్దీ గట్టిపడి, సర్జన్‌కు ఒక పొర నుంచి ఇంకో పొర విడదీయడం కష్టమవుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి అమ్మగారికి చూపించండి.

ఆపరేషన్‌కు వీలుకాని స్థితి వస్తే దారులు పూర్తిగా మూసుకుపోవు, కానీ అప్పటి లక్ష్యం జబ్బును అదుపులో పెట్టడమే అవుతుంది. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి డాక్టర్లు అలాంటి ముదిరిన రోగులకు మెథోట్రెక్సేట్, సెలికాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలకు తోడు మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పంపే ఇంజెక్షన్) ఇచ్చి చూశారు. మామూలు మోతాదుతో పోలిస్తే అది చాలా చిన్నది, ఖర్చూ తక్కువ. మాత్రలు మాత్రమే ఇచ్చినప్పుడు ఏడాదికి 16.3 శాతం మంది బతికుంటే, ఇది కలిపినప్పుడు 43.4 శాతం మంది బతికున్నారు. మీకు ఇప్పుడు ఇది అవసరం లేదు, తెలిసి ఉండటానికి చెబుతున్నాను.

ఈ నెల రోజులు ఊరికే గడిపేవి కావు. బీడీ ఇంకా ఉంటే ఇవాళే మానాలి. గుడ్లు, పప్పు, పాలు, పెరుగు ఆయన మింగగలిగే మెత్తదనంలో పెట్టి బరువు పడిపోకుండా చూడండి. నోరు తెరిచే వ్యాయామాలు ఆపొద్దు. థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి. మెడకు కరెంటు పెట్టినవాళ్లలో చాలామందికి థైరాయిడ్ మందగిస్తుంది, అది సరిగా లేకపోతే గాయాలు మానవు. పన్ను పీకించాల్సి వస్తే కరెంటు పెట్టిన డాక్టర్‌ను అడగకుండా పీకించకండి, దవడ ఎముక పాడయ్యే ప్రమాదం ఉంది. షుగర్ ఉంటే పెట్ నాటికి 200 లోపు ఉండేలా మందులు సరిచేయించండి. మందు ఎక్కించాక స్కాన్ అయ్యేదాకా ఆయన ఎక్కువ మాట్లాడకుండా, ఏదీ నమలకుండా కూర్చోవాలి. లేదంటే గొంతు, దవడ కండరాలు వెలిగి రిపోర్టు గందరగోళమవుతుంది.

ఈలోపు గడ్డ కళ్ల ముందే పెరిగినా, కొత్త గడ్డ వచ్చినా, దాని మీద చర్మం ఎర్రబడి చిట్లినా, నోటి నుంచి రక్తం పడినా, ఊపిరి తీసుకునేటప్పుడు చప్పుడు వచ్చినా 12 వారాల లెక్క పక్కనపెట్టి వెంటనే తీసుకెళ్లండి.

నాన్నగారికి చెప్పండి. 35 సిట్టింగులు తట్టుకున్న మనిషికి తన మెడలో గడ్డ ఉందని మీరు చెప్పక్కర్లేదు, రోజూ ఆయన చేతికే తగులుతుంది. 'కరెంటు పని ఇంకా అవుతోంది, ఫలానా తేదీన స్కాన్, అందులో ఉంటే మెడకు ఒక పక్క ఆపరేషన్, లేకపోతే ఏమీ లేదు' అని మామూలు గొంతుతో చెబితే చాలు. ఆపరేషన్‌కు సంతకం పెట్టాల్సింది ఆయనే.

స్కాన్‌కు వెళ్లేటప్పుడు చికిత్సకు ముందు తీసిన సీటీ లేదా పెట్ డిస్కు, ముక్క పరీక్ష రిపోర్టు, ఎంత కరెంటు ఎక్కడెక్కడ పెట్టారో రాసిన కాగితం వెంట ఉంచుకోండి. పాతది పక్కన పెట్టి చూస్తేనే కొత్త దానికి అర్థం తెలుస్తుంది. రిపోర్టు వచ్చాక సర్జన్, కరెంటు డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ కలిసి కూర్చుని నిర్ణయించే ట్యూమర్ బోర్డు ఉన్న చోట చూపించండి. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, బసవతారకం లాంటి క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్నాయి. ఏవి ఆరోగ్యశ్రీ కిందికి వస్తాయో, పెట్ స్కాన్ డబ్బు మీరు కట్టాలో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ఈ వారమే అడిగి తెలుసుకోండి. అపాయింట్‌మెంట్ కూడా ఇప్పుడే తీసేసుకోండి.